చెత్తకుప్ప దగ్గర నేను వేసిన ముడి

చెత్త కాల్చి కరెంటు తీసే యంత్రాన్ని చిత్తూరులో మా వీధి చివర పెడతారని పుకారు లేచింది. వద్దంటూ రాసిన అర్జీ పట్టుకుని పక్కింటి రెడ్డిగారు సంతకానికి వచ్చారు. కళ్ళతో చూడకుండా ఎట్లా పెట్టేది? తిరుపతి బయట చెత్తకుప్ప పక్కనే అలాంటిదే చిన్నది పరీక్షకు నడుస్తోందని విని, మర్నాడే బయల్దేరాను. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతికీ రాని రోజులవి.

ఉదయం ఆరింటి బస్సెక్కితే ఎనిమిదింటికి తిరుపతి. అక్కడి నుంచి రేణిగుంట రోడ్డులో షేరాటో, ఐదు రూపాయలు. "అందరూ కొండకు పోతారు, మీరేంది మేడం కుప్పకు పోతారు!" అని డ్రైవరు ఒకటే నవ్వు. చివరి కిలోమీటరు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడిచాను.

కుప్ప ఒక పక్క తనంతట తానే రగులుతోంది. యంత్రం నడిపే అతను మంచివాడు, దాపరికం లేకుండా చెప్పాడు. "చెత్తంతా దీంట్లో పడితే ఈ పొగ ఆగిపోతాది మేడం. కానీ తడి చెత్త మండదు. ప్లాస్టిక్కు, అట్టలు పడితేనే కరెంటు."

మధ్యాహ్నం వేపచెట్టు కింద పులిహోర తిని, మిగిలిన మెతుకులు, ఆకు కవర్లో వేసి గట్టిగా ముడేసి పారేశాను. ఎంత శుభ్రమో అనుకున్నా! అక్కడ చెత్త ఏరే మంగమ్మ దాన్ని తీసుకుని గోళ్ళతో పీకుతూ, "ఎవురమ్మా ఇంత గట్టిగా ముడేసింది?" అంది. గోళ్ళన్నీ అరిగిపోయి ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. "నేనే" అన్నాను.

ఆమె నవ్వి పక్కన కూర్చుంది. "పొగ పోతాదంటే సంతోషమే. నా మనవరాలికి ఒకటే దగ్గు. కానీ ఆ మిషను తినేవే గదమ్మా నేను అమ్ముకునేవి. మండేదంతా నా కూడే."

"మరేం చేయమంటావు?"

"ఏరే పని మాకే ఇయ్యమను. మేం ఏరినాక మిగిలింది దానికి ఎయ్యమను."

ఆ మాటే యంత్రం నడిపే అతన్ని అడిగాను. "మండుతాది. కరెంటు సగం కూడా రాదు. గిట్టదు మేడం" అన్నాడు. ఇద్దరిదీ నిజమే.

బయల్దేరేటప్పుడు మంగమ్మ ఆ కవరు కడిగి, మడిచి నా చేతిలో పెట్టింది. "బాగుండాది, ఇంటికి తీసుకుపో." నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అర్జీ కింద ఇలా రాసి సంతకం పెట్టాను: "యంత్రం రావచ్చు. చెత్త ఏరేవాళ్ళు అమ్ముకునేవి అది తింటుంది కనుక, వాళ్ళకు ముందు జీతం రావాలి." రెడ్డిగారికి కోపమొచ్చింది. "ఇది అర్జీనా, బేరమా?" అన్నారు. బేరమే అన్నాను, మంగమ్మ తరఫున. మా వీధికి యంత్రమూ రాలేదు, తిరుపతి కుప్ప దగ్గర పొగా ఆగలేదు. ఆ పాప దగ్గు తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు.

ఆ వైపు వెళ్ళేవాళ్ళు తొమ్మిదిలోపే చేరుకోండి, ఎండ తట్టుకోలేరు. తిన్నాక ఆకును, మెతుకులను విడిగా పెట్టి, కవరు విడిగా పెట్టండి. దానికి ముడి మాత్రం వేయకండి. విప్పేది మంగమ్మ వేళ్ళే.