ఖటోదరాలో ఆఖరి గది

రుచిత ఆర్కిటెక్చర్ చివరి ఏడాది ప్రాజెక్టు మరమగ్గాల కార్మికుల ఇళ్ల మీద. కరోనా రెండో ఏడు, రెండు మాస్కులు వేసుకుని ఖటోదరా అనే కార్మికవాడలో గది గదికీ తిరిగి టేపుతో కొలిచేది. అంగుళం తేడా వచ్చినా మళ్లీ కొలిచేది. ఇక ఒక్క గదే మిగిలింది, మర్నాడు కొలతలు కాలేజీకి పంపాలి. ఆఖరి గదిలో ఉండే పోశమ్మ తలుపు తీయలేదు.

"పో బిడ్డా! మా ఆయనను కరోనా అని దవాఖాన గాడీల ఎక్కిస్తరు."

"నేను సర్కారుదాన్ని కాదవ్వా. మీ తీరుగనే సాంచాలు నడిపే దశరథం బిడ్డను."

తలుపు తెరుచుకుంది. కిటికీ లేని ఆ గదిలో ఆమె భర్త రాజనర్సు ఊపిరాడక ఎగపోస్తున్నాడు. రుచిత టేపు వదిలేసి 108కు ఫోన్ చేసింది. పోశమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేను గూడ ఎంబడి వస్తనవ్వా," అంది రుచిత.

చీకటి పడేదాకా ఆస్పత్రి గేటు దగ్గరే నిలబడింది.

పన్నెండో రోజు రాజనర్సు నడిచి ఇంటికొచ్చాడు. "మా అర్ర ఎంతున్నదో కొలిచినవా బిడ్డా?"

"లేదు తాతా, యాదిలనే లేదు."

కొలతలను ఆమె ఆ మర్నాడే ఒక గది తక్కువగా కాలేజీకి పంపేసింది.