చూడకుండా రాసిన రిపోర్టు

సహోదరులారా, నేను తాగుబోతును కాను, జూదగాణ్ణి కాను. నా రోగం కడుపుమంట, అది ఆఫీసులో అంటుకుంది.

నేను ప్రొబేషన్ ఆఫీసర్ని. చిన్న నేరం చేసినవాళ్లను కోర్టు జైలుకు పంపకుండా మంచి నడవడి షరతు మీద వదిలిపెడితే, వాళ్ల ఇళ్లకు వెళ్లి చూసి రిపోర్టు రాయడం నా పని. పన్నెండేళ్లు ప్రేమతో చేశాను. ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్నవాణ్ణే నా పైన కూర్చోబెట్టారు, దగ్గరి వీధులన్నీ అతని మనుషులకు ఇచ్చి, అఫ్జల్‌గంజ్ నుంచి ఫలక్‌నుమా దాకా నా ఒక్కడి సైకిలుకు వదిలేశారు. నా మనసు విరిగిపోయింది. ఎవరి కోసం తిరగాలని పంతం పట్టి, ఏ ఇంటికీ పోకుండా కుర్చీలోనే రిపోర్టులు రాయడం మొదలుపెట్టాను.

అలా షరతు మీద బయట ఉన్నవాళ్లలో ఒకడు, బేగంబజార్‌లో బస్తాలు మోసే ఖాసిం భాయ్, నెలనెలా ఆఫీసుకొచ్చి పెట్టాల్సిన సంతకానికి ఆ నెల రాలేదు. అతని భార్య వచ్చి గుమ్మంలో నిలబడి, "సాబ్, మా ఆయనకు..." అంటుంటే, తల ఎత్తకుండానే "మనిషి రావాలమ్మా, నువ్వొస్తే గాదు" అని పంపేశాను. షరతు తప్పాడు, ఇంట్లో లేడు అని రాసి పైకి పంపాను. ఆ మాట మీద సోమవారం కోర్టు అతన్ని జైల్లో వేసేదే.

ఆదివారం మందిరంలో మోకరించి, "ప్రభువా, నాకు అన్యాయం జరిగింది, నా మాట వినేవాడు లేడు" అని ఏడ్చాను. నేను గుమ్మంలోంచే పంపేసిన ఆ తల్లి కూడా ఇదే మాట అనుకుంటూ ఇంటికి పోయి ఉంటుందని తోచేసరికి, ఆరాధన ముగియకముందే లేచి సైకిలెక్కాను.

ఖాసిం భాయ్ నులకమంచం మీద ఉన్నాడు. బస్తా పడి కాలు విరిగింది. నన్ను చూసి లేవబోయాడు. "ఇంత ఎండల మీరెందుకొచ్చిన్రు సాబ్? కాలు జర నయమైతే నేనే వస్తుంటి గద," అన్నాడు. నేను రాసిన సంగతే అతనికి తెలియదు. "తప్పు నీది గాదు భాయ్, నాది," అని అక్కడే కూలబడి ఏడ్చాను. అతని భార్య గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

మర్నాడు కోర్టులో నిలబడి, చూడకుండా రాశానని నా నోటితోనే చెప్పాను. ఖాసిం భాయ్ జైలుకు పోలేదు, దేవునికే మహిమ! నాకు మెమో వచ్చింది. ప్రమోషన్ ఇప్పటికీ రాలేదు, ఆఫీసులో న్యాయమూ రాలేదు, దాని కోసం అర్జీలు పెడుతూనే ఉన్నాను, ప్రార్థిస్తూనే ఉన్నాను. కానీ ఆ మంట చల్లారింది, పొద్దున సైకిలు బయటికి తీస్తుంటే ఈ పని నాకిచ్చినందుకు ఆయనకు స్తోత్రం చెప్పాలనిపిస్తుంది.

అమ్మలారా, అయ్యలారా, మీకు అన్యాయం జరిగి ఉంటే ఆయనతో చెప్పుకోండి, ఆయన తప్పక వింటాడు. విన్నాక మిమ్మల్ని ఎవరి ఇంటికో పొమ్మంటాడు. కాదనకండి, వెళ్లండి.