బొగ్గు అధ్యాయం

రామమోహనరావు గారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏ విషయమైనా సరే దాన్నొక అధ్యాయంగా తెరవాలి, నిబంధనలతో పక్కపక్కన పెట్టి సరిచూడాలి, తేడా ఉంటే గడువిచ్చి సరిచేయించాలి, ఆపైన చేతులు దులుపుకుని "మూసేశాం!" అనాలి. అలా అనేదాకా ఆయనకు అన్నం సహించదు, పక్కనున్నవాళ్లను తిననివ్వడు.

ఈ జబ్బు ఉద్యోగం వల్ల అంటుకుంది. సూరత్‌లో, హజీరా దారిలో ఉన్న ఒక ఇంధన సలహాల కంపెనీలో ఆయన పెద్ద మేనేజరు. ఎక్కడో సముద్రం మధ్య ఒక బుల్లి దేశం ఉంది. దాని ఇరుగుపొరుగు దేశాలన్నీ కలిసి కూటమి కట్టుకున్నాయి. అందులో చేరాలంటే ఈ బుల్లి దేశం తన కరెంటు చట్టాలూ, బొగ్గు చట్టాలూ, పొగా చెత్తా మురుగునీటి చట్టాలూ అన్నీ కూటమి చట్టాలకు సరిపోయేలా తిరగరాసుకోవాలి. ఆ తిరగరాసే పని రావు గారిది. ఒక్కో విషయం ఒక్కో అధ్యాయం. ఆ దేశాన్ని ఆయన కళ్లతో చూసిన పాపాన పోలేదు గానీ, దాని పేరు విన్నప్పుడల్లా భార్య వెంకటసుబ్బమ్మ గారు సవతి పేరు విన్నట్టు మూతి తిప్పుకునేవారు.

ఇంట్లో మాత్రం తక్కువా? పప్పులో ఉప్పు తగ్గితే తగ్గిందని చెప్పొచ్చు కదా. చెప్పడు. "సుబ్బమ్మా, లవణ అధ్యాయం మళ్లీ తెరవాల్సి వచ్చేట్టుంది" అంటాడు.

"తెరవండి. ఉప్పుడబ్బా మూత కూడా మీరే తెరవండి" అనేవారావిడ.

కూతురు మనోజ్ఞ పెళ్లిచూపులకు వంశీధర్ వచ్చినప్పుడు రావు గారు జీతం అడగలేదు, గోత్రం అడగలేదు. "మీ ఇంట్లో గీజరు ఎంతసేపు వేస్తారు బాబూ?" అని అడిగాడు. పిల్లాడికి పిల్ల నచ్చింది. "నేను చన్నీళ్లే పోసుకుంటానండీ" అన్నాడు తడుముకోకుండా. అక్కడికక్కడే అధ్యాయం మూతపడింది. పెళ్లయిన మర్నాడే అల్లుడు బాత్రూంలో గీజరు స్విచ్చి వేసిన చప్పుడు వినిపిస్తే, "సభ్యత్వం వచ్చాక ఏ దేశమూ మాట మీద నిలబడదు" అని నిట్టూర్చి ఊరుకున్నాడు.

ఇలాంటి మనిషి దగ్గరికి ఊరి అవతల లింబాయత్ పేట నుంచి ముత్యం వెతుక్కుంటూ వచ్చాడంటే, పాపం, అతని అవసరం అలాంటిది. ముత్యం వాళ్లది సిరిసిల్ల. లింబాయత్‌లో ఒక సన్నని గల్లీ నిండా వాళ్లవే పవర్‌లూమ్ షెడ్లు. ఆ గల్లీ సంఘానికి అతను అధ్యక్షుడు. రావు గారితో పరిచయం ఉగాది భోజనాల్లో పక్కపక్క ఆకుల ముందు కూర్చున్నంత మాత్రమే. బార్డోలీ నుంచి సచిన్ దాకా చుట్టుపక్కల ఊళ్ల మగ్గాలవాళ్లంతా కలిసి ఒక సమాఖ్య పెట్టుకుని, సొంతంగా సోలారు కరెంటు చేయించుకుంటున్నారు. అందులో చేరితే కరెంటు చవక. చేరాలంటే మాత్రం పొగ, చెత్త, కరెంటు వాడకం అన్నీ సమాఖ్య నియమాల ప్రకారం ఉండాలి.

"సారూ, జర మా గల్లీని గా సమాఖ్యల చేర్పియ్యాలె" అన్నాడు ముత్యం. "కరెంటు బిల్లుకు పానం పోతున్నది. మా గల్లీల మహేశ్ మగ్గాలమ్ముకొని పొయిండు. దీపావళి దాంక చేరకపోతే మేం గూడ షెడ్లకు తాళాలేసుకునుడే."

రావు గారి కళ్లు దీపాల్లా వెలిగాయి. "అంటే మీది అభ్యర్థి దేశమన్న మాట!"

"దేశం గాదు సారూ, గల్లీ."

"నా దేశమూ చిన్నదేనయ్యా. సముద్రతీరం ఉందా?"

"మురికి నాలా ఉన్నది సారూ."

"చాలు. ఆదివారం వస్తా."

అన్నట్టే ఆదివారం పొద్దున్నే షేర్ ఆటోలో ముగ్గురి మధ్య ఇరుక్కుని దిగాడు. దిగీదిగగానే ముత్యాన్ని "అధ్యక్షా" అన్నాడు. ముత్యం భార్య రాజమ్మ చాయ్ తెస్తే లేచి నిలబడి "ఆర్థిక మంత్రి గారూ, నమస్కారం" అన్నాడు. రాజమ్మ ఆనాటి నుంచి ఆయన చాయ్‌లో ఇలాచీ వేయడం మొదలుపెట్టింది.

మొదట చింది అధ్యాయం. చింది అంటే మగ్గాల కింద రాలే దారపు ముక్కలు, గుడ్డపేలికలు. చలికాలం పొద్దున్నే వాటిని కాల్చుకుని చేతులు వెచ్చబెట్టుకోవడం గల్లీవాళ్ల అలవాటు. రావు గారు ఒప్పుకోలేదు. రాజమ్మ నలుగురు ఆడవాళ్లను పోగేసి ఆ పేలికలను జడల్లా అల్లి కాళ్లు తుడుచుకునే పట్టాలు కుట్టించింది. మూసేశాం!

తర్వాత డీజిల్ జనరేటరు. అది అంబదాస్‌ది. గల్లీకి వచ్చిన మొట్టమొదటి పెద్ద యంత్రం. ఏటా దసరాకు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు. "నా కొడుకసొంటిది సారూ, ఎట్ల అమ్మాలె?" అని కూలబడ్డాడు. రావు గారు ఆలోచించి, "అయితే అత్తారింటికి పంపినట్టు పంపుదాం" అన్నాడు. జనరేటరుకు బొట్టు పెట్టారు, దండ వేశారు, డప్పు కొట్టారు. రావు గారు దాని సేవల గురించి ఉపన్యాసం కూడా ఇచ్చాడు. అంబదాస్ కన్నీళ్లు తుడుచుకుంటూ దాన్ని టెంపో ఎక్కించాడు. చెప్పొద్దూ, ముత్యం కళ్లు కూడా చెమర్చాయి.

అలా ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చి చివరికి ఒక్కదాని దగ్గర ఆగారు. బొగ్గు అధ్యాయం.

సమాఖ్య నియమం సూటిగా ఉంది. సభ్యుల షెడ్లలో గానీ, గల్లీ మొదట్లో గానీ బొగ్గు కాల్చకూడదు. గల్లీ మొదట్లో గంగవ్వ కూర్చుంటుంది. ముందు బొగ్గుల కుంపటి, పక్కన మక్కకంకుల బస్తా. షిఫ్టు మారేటప్పుడు అటు దిగేవాళ్లూ ఇటు ఎక్కేవాళ్లూ ఆమె చుట్టూ మూగుతారు. మొగుడు పోయాక ఆ కుంపటే ఆమెకు అన్నం పెడుతోంది. సిరిసిల్ల నుంచి వచ్చి రైలు దిగిన రోజు ముత్యం ఈ ఊళ్లో తిన్న మొదటి తిండి ఆమె చేతి కంకే.

రావు గారు కుంపటిని చూశాడు. గంగవ్వను చూశాడు. స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "రెండు కంకులు కాల్చమ్మా. అధ్యక్షా, ఇది క్లిష్టమైన అధ్యాయం. మీరంతా వెళ్లండి. చర్చలు గోప్యం."

అది మొదలు. ఆఫీసు అయిపోగానే ప్రతి సాయంత్రం చేతిలో పెద్ద సంచితో దిగడం, షిఫ్టు జనం లోపలికి పోయాక గంగవ్వ ముందు కూర్చోవడం, పొద్దుగుంకాక రెండు కంకులు సంచిలో వేసుకుని పోవడం. అధ్యాయం మాత్రం మూతపడదు. దీపావళి దగ్గరపడుతోంది.

"కంకులు తినుడు తప్ప ఏం చేస్తుండు గీ సారు?" అన్నాడు అంబదాస్ సంఘం మీటింగులో. "నా జనరేటరునే పంపిండు. గా ముసలామెకు ఇంత ముట్టజెప్పి పంపలేమా?"

"నోరు మంచిగున్నదని ఏదిబడితే అది అనకు" అని రాజమ్మ విరుచుకుపడింది. "ఆమె ఏడికి పోతది? పోయి ఏం తింటది?"

ముత్యానికి నిద్ర పట్టడం మానేసింది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉండనిస్తే గల్లీ మొత్తానికి మగ్గాలు ఆగిపోతాయి. లేపేస్తే ఆ పాపం తనది. రావు గారిని అడిగాడు.

"సారూ, గంగవ్వను లేపమంటరా? ఉంచమంటరా? గదొక్కటి చెప్పుండ్రి."

"చర్చలో ఉన్న విషయం మీద వ్యాఖ్యానించకూడదయ్యా."

ముత్యానికి ఒళ్లు మండింది. ఇంత చదివిన మనిషికి ఇంతమాత్రం దయ లేదా అనుకున్నాడు. సమాఖ్యవాళ్లు గల్లీని తనిఖీ చేసే ముందు రోజు గుండె రాయి చేసుకుని తనే గంగవ్వ దగ్గరికి వెళ్లాడు, రేపొక్కరోజు రావద్దని చెప్పడానికి.

"ఏంది బిడ్డా, మొకం గట్లున్నది? తిన్నవా?" అంది గంగవ్వ. తినలేదన్నాడు. లేత కంకి ఏరి కాల్చి, నిమ్మకాయ రుద్ది, ఉప్పూ కారం పట్టించి చేతిలో పెట్టింది. ముత్యం దాన్ని గింజ మిగల్చకుండా తిని, రేపటి మాట ఎత్తకుండానే ఇంటికొచ్చేశాడు.

తనిఖీకి సమాఖ్య తరఫున హారతి వచ్చింది. సూరత్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల, మాటల మధ్య గుజరాతీ దొర్లుతుంటుంది. చింది చూసింది, మీటర్లు చూసింది, జనరేటరు లేని చోటు చూసింది. "మస్త్ ఉంది ముత్యం కాకా!" అంటూ గల్లీ మొదటికి వచ్చి ఆగిపోయింది.

"ఆ శూ ఛే, ఏంటిది? బొగ్గులా? కాకా, ఇది నై చాలే, కుదరదు. రూల్ తెలుసు కదా?"

గంగవ్వ ముత్యం ముఖం చూసింది, విషయం అర్థమైంది. చెంబులో నీళ్లు తీసుకుంది. "నా పొయ్యితోని మీ మగ్గాలు బందైతయంటే నాకెందుకు బిడ్డా గిది, ఇప్పుడే ఆర్పుత."

"ఆగమ్మా!" అని పక్కనే స్టూలు మీదున్న రావు గారు అరిచిన అరుపుకు మగ్గాలు కూడా ఆగినంత పనైంది. "అధ్యాయం ఇంకా మూయలేదు. చర్చలు నడుస్తుండగా ఒక పక్షం పొయ్యి ఆర్పడానికి వీల్లేదు. హారతీ, మీ నియమాల్లోనే ఉంది కదా? ఏదైనా ఒక విషయంలో నిజంగా ప్రయత్నం జరుగుతుంటే, గడువిచ్చి సభ్యత్వం ఇవ్వొచ్చని?"

"ఉంది అంకుల్. కానీ నిజంగా ప్రయత్నం జరగాలి."

"ఆవిణ్ణే అడుగు."

గంగవ్వ చెంబు కింద పెట్టింది. "రోజూ అస్తడు బిడ్డా. పొగ కండ్లకు పడుతుందా, దగ్గొస్తుందా అని అడుగుతడు. ఆ సంచిల రోజుకో పొయ్యి తెస్తడు. కరెంటుదొకటి, గ్యాసుదొకటి, ఎండకు కాల్చేదట, అదొకటి. కాల్చి చూడుమంటడు. ఒకదాంట్ల కంకి ఉడికిపాయె, ఒకదాంట్ల మాడిపాయె. ఎండదాంట్లనైతే పెట్టింది పెట్టినట్లే ఉండె. ఒద్దన్న. మల్ల రేపు ఇంకోటి తెస్తనన్నడు."

గల్లీ అంతా నోరెళ్లబెట్టింది. అంబదాస్ తల వంచుకున్నాడు.

హారతి నవ్వు ఆపుకోలేకపోయింది. "మరి ఈ అధ్యాయం ఎప్పుడు మూస్తారు అంకుల్?"

"గంగవ్వకు నచ్చిన పొయ్యి దొరికిన రోజున. దొరక్కపోతే అది పొయ్యిలు చేసేవాళ్ల తప్పమ్మా, ఆవిడ తప్పు కాదు."

హారతి పెన్ను తీసింది. "చాల్శే, సరే" అంది. "గడువు రాస్తాను. నాకూ ఒక కంకి ఇవ్వు అవ్వా."

గల్లీ సమాఖ్యలో చేరింది. దీపావళికి షెడ్లలో మగ్గాలు ఆగకుండా ఆడాయి. ముత్యం తన మగ్గం మీద నేసిన చీర పట్టుకుని, రాజమ్మను వెంటబెట్టుకుని రావు గారింటికి వెళ్లాడు. వంటింటి గట్టు మీద రకరకాల పొయ్యిలు బారులు తీరి ఉన్నాయి. వెంకటసుబ్బమ్మ గారు చీర కళ్లకద్దుకుని, ఆపైన మొదలుపెట్టారు.

"ఆ పొయ్యిల గోల సరే, ఆ కంకులేమిటయ్యా! రోజుకు రెండు. ఆయనకు రెండు పళ్లు ఊడాయి, మూడోది ఊగుతోంది. ఒక్క గింజ నమల్లేరు. అన్నీ నేనూ పక్కింటివాళ్లూ తినలేక చచ్చాం. ఎందుకు తెస్తారండీ అంటే, కొనకుండా ఆవిడ ముందు ఊరికే కూర్చోవడం మర్యాద కాదట!"

"సుబ్బమ్మా" అని లోపలి నుంచి గొంతు వినిపించింది. "దంత అధ్యాయం గురించి బయటి దేశాధ్యక్షులతో మాట్లాడకూడదు."

ముత్యం పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక, "సారూ, మీ చిన్న దేశం ముచ్చట ఏమాయె? కూటమిల చేరిందా?" అని అడిగాడు.

రావు గారు బయటికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ఒక్క అధ్యాయం మిగిలిందయ్యా. అక్కడో దీవిలో ముసలమ్మలు కట్టెల పొగ మీద చేపలు ఎండబెట్టి అమ్ముకుంటారట. పొగ కుదరదంటుంది కూటమి. నేనోసారి వెళ్లి చూసి వద్దామనుకుంటున్నాను."

"వెళ్లి వాళ్ల ముందు కూర్చుంటారా? అయితే చేపలు కొనాలి కదండీ!" వెంకటసుబ్బమ్మ గారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "మనింట్లో గుడ్డు కూడా దూరదు. సంచీడు ఎండు చేపలు తెచ్చి ఎవరికి పెడతారు?"

రావు గారు కంగారు పడలేదు. ముత్యం వైపు చూపించి, "అధ్యక్షులవారు తింటారు" అన్నాడు.