మూడో పిలుపు తర్వాత పదకొండు సెకన్లు

ఫిబ్రవరి రెండో ఆదివారం ఉదయం 9.40కి విజయవాడలో బయలుదేరిన మా రికార్డింగు వ్యాను 38 కిలోమీటర్లు నడిచి 10.55కి మైలవరంలోని ఒక కల్యాణమండపం చేరింది. అప్పటికి నా పదవీ విరమణ పద్నాలుగు నెలల దూరంలో ఉంది. రేడియో కేంద్రంలో సీనియర్ ఇంజనీరింగ్ అసిస్టెంటుగా నాకప్పగించిన పని ఒక పౌరాణిక పద్యనాటకాన్ని ప్రసారానికి రికార్డు చేయడం. నాయిక వేషం సాంబశివరావు అనే నటుడిదని కాంట్రాక్టు ఫారంలో ఉంది.

12.10కి లెవెల్ పరీక్ష, అంటే నటుల గొంతు స్థాయిని మీటరు మీద చూసుకోవడం, మొదలుపెట్టాను. నాయిక అప్పటికే రంగు, జడ, నగలతో మైకు ముందు కూర్చుని ఉంది. "సాంబశివరావు గారూ, ఒక పద్యం అందుకోండి" అన్నాను. మీటరు ముల్లు కదల్లేదు. మళ్లీ పిలిచాను. ఆమె నన్ను చూస్తూనే ఉంది. చూపులో విన్న గుర్తు మాత్రం లేదు.

"ఆయన లేరండీ" అన్నారు హార్మోనియం ముందున్న కోటయ్య గారు, ఆ నాటక సమాజం పెద్ద. "ముఖానికి రంగు పడ్డాక అసలు పేరు పిలవకూడదు. అమ్మగారూ అనండి, పలుకుతారు."

"ఆయన సాయంత్రం నాలుగింటికొస్తారు లెండి, ఏమన్నా కబురుందా?" అన్నాడు తబలా ఆయన. అందరూ నవ్వారు. అమ్మగారూ అన్న వెంటనే ముల్లు ఎర్రగీత దాటింది.

నాటకం 3.35కి ముగిసింది. ఎడిటింగులో అతుకులు తెలియకుండా ఉండాలంటే ఆ చోటి నిశ్శబ్దాన్ని కొంతసేపు విడిగా రికార్డు చేసుకోవాలి. రికార్డరు ఆన్‌లో ఉంది, హెడ్‌ఫోను నా చెవులకు ఉంది. ఆమె భుజానికి తగిలించిన చిన్న మైకును తీయడం మరిచాను.

పది అడుగుల దూరంలో ఆమె కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంది. రంగు పోయాక సమాజం పెద్ద అసలు పేరు మూడుసార్లు పిలవాలి, మూడో పిలుపులోపు పలకాలి. పలికితేనే మనిషి తిరిగొచ్చినట్టు లెక్క. అది వాళ్ల ఆచారం.

"ఇవాళ పలకను బాబాయ్. శివపార్వతీ అని పిలువు, వస్తా" అందామె.

"పలక్కపోతే నా సమాజంలో నీకు మళ్లీ రంగు పడదు" అని కోటయ్య గారు పిలిచారు. "సాంబశివరావూ!"

నా చెవి పక్కనే ఎవరో నిలబడినట్టు ఊపిరి లోపలికి తీసుకోవడం వినిపించింది. అది బయటికి రాలేదు. రెండో పిలుపుకూ అంతే. మూడో పిలుపు తర్వాత పదకొండు సెకన్లు ఊపిరి చప్పుడే లేదు. మైకు తెగిందనుకుని చూశాను. మైకు దీపం వెలుగుతూనే ఉంది. నూనె కారుతున్న ముఖంతో ఆమె కదలకుండా కూర్చుంది. కోటయ్య గారు వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూశారు, నిజంగానే ఎవరో రావలసి ఉన్నట్టు.

"ఆయన రాడు బాబాయ్. ఇరవై రెండేళ్లుగా నీకు పలికిందీ, పాడిందీ నేనే."

"స్టేజీ మీద నువ్వు అమ్మవారివే, వెయ్యి దండాలు పెడతా. దిగాక కూడా ఆడదాన్నేనంటే ఇక అందులో నటనేముందిరా? మగాడు ఆ వేషం కట్టాడు కాబట్టేగా జనం చప్పట్లు కొట్టేది!"

"చప్పట్లు ఎవరికి కొట్టారో నాకు తెలీదు. పద్యం మాత్రం నాదే."

ఫారం మీద ఆమె శివపార్వతి అని సంతకం చేసింది. పైనున్న పేరు, కిందనున్న సంతకం ఒకటి కాకపోతే ప్రసారం కుదరదని నేను నిబంధన చెప్పాను. పేరు సవరణ కోరుతూ కార్యక్రమ విభాగానికి మెమో పంపవచ్చన్న నిబంధన కూడా నాకు తెలుసు. అది చెప్పలేదు, మెమో రాయలేదు. సాంబశివరావు అన్న పేరుకు మీటరు కదలకపోవడం మధ్యాహ్నమే చూశాను. చూసిన రీడింగును నమోదు చేయకపోవడం మా వృత్తిలో తప్పు. అది పరికరాలకే వర్తిస్తుందని అప్పట్లో అనుకునేవాణ్ణి.

రికార్డయిన నాటకం రెండు గంటల ఐదు నిమిషాలు. ప్రసారమైనది సున్నా. సమాజానికి నాయిక పోయింది. మరుసటి ఏడాది ప్రదర్శనలే లేవు. ఆమెకు ఇరవై రెండేళ్ల వేషం పోయింది. మైకు, కేబుళ్లు, స్టాండ్లు అన్నీ తిరిగొచ్చాయి. పరికరాల నష్టం: లేదు.