ప్రేమిస్తే భయం పెరుగుతుందని నేను రుజువు చేసిన వైనం

ప్రేమ ప్రమాదకరమని నేను ఒకసారి శాస్త్రీయంగా రుజువు చేశాను. సిడ్నీలో, వెస్ట్‌మీడ్‌లో, ఎలుకల సాక్షిగా. ఆ రుజువు బతికింది కొద్దిరోజులే. ఆ కొద్దిరోజుల్లోనే మెల్‌బోర్న్‌లో మా అక్కకీ బావగారికీ మాటలు ఆగిపోయాయి, ఏ పాపమూ ఎరగని ఒక పసిపిల్ల గొంతు బొంగురుపోయింది, నేను మా ల్యాబ్ వాళ్ళందరి ముందు తడిసిన పిండిబొమ్మలా నిలబడ్డాను. ఇంత నష్టం చెయ్యాలంటే మామూలు తెలివితక్కువతనం చాలదు. పీహెచ్‌డీ చేస్తూ ఉండాలి.

అప్పుడు నాది మొదటి సంవత్సరం. భీమవరం నుంచి వచ్చి ఏడాది కూడా నిండలేదు. మా ల్యాబ్‌లో అందరం చేసే పని ఒకటే, భయాన్ని చదవడం. భయం మెదడులో ఎలా నాటుకుంటుంది, ఎలా గట్టిపడుతుంది, ఎలా అణుగుతుంది అన్నది ఎలుకల్లో చూస్తాం. కంగారుపడకండి, రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఎలుకను చిన్న పెట్టెలో పెట్టి ఒక కూత వినిపిస్తారు. కూత ఆగబోతుండగా పాదాల కింద చురుక్కుమంటుంది. మర్నాడు ఒట్టి కూత వినబడినా చాలు, ఎలుక ఉన్నచోటే బిగుసుకుపోతుంది. మెదడు లోపల బాదంగింజలాంటి ఒక చోట ఆ కూతా ఆ చురుకూ ముడిపడిపోయాయన్నమాట. ఆ తర్వాత చురుకు లేకుండా కూత ఒక్కటే పదేపదే వినిపిస్తే, నెమ్మదిగా దానికి ధైర్యం వస్తుంది. పాత భయం చెరిగిపోదు. నుదుటి వెనక ఉండే మెదడు దాని భుజం మీద చెయ్యి వేసి, ఊరుకో, ఇప్పుడేం లేదు అని చెబుతుంది. అంతే.

నాకు వచ్చిన ప్రశ్న చాలా సాత్వికమైనది. ఎలుకలను లాలిస్తే ఆ ధైర్యం ఇంకాస్త త్వరగా వస్తుందా? కొన్నింటిని రోజూ ఒళ్ళో పెట్టుకుని లాలించాలి, కొన్నింటిని మామూలుగా వదిలెయ్యాలి, చివరికి రెండు జట్లనూ పోల్చి చూడాలి. మా ప్రొఫెసర్ పేరు మార్గరెట్. ఆవిడను పేరుపెట్టి పిలవమన్నారు కాబట్టి నేను ఏమీ పిలవకుండానే నెట్టుకొస్తున్న రోజులవి. ఆవిడ వెనక నిలబడి, ఎప్పుడు తిరుగుతుందా అని కాచుకునేదాన్ని. ఇందు అనే నా పేరును ఇండీ చేసేసిన ఆవిడ, నా ప్రశ్న బాగుందనీ, కూత వినిపించేముందు కొన్ని నిమిషాలు నా చేతులకు అలవాటు చేస్తే చాలనీ చెప్పింది.

కొన్ని నిమిషాలు. ఆ మాటను నేను, నిమిషమంటే గంట అనే మా ఇంటి లెక్కలో అర్థం చేసుకున్నాను.

అది జకరండాలు పూసే కాలం. ఎలుకల పక్కగదికి ఒకే ఒక కిటికీ ఉండేది. దాని అవతల చెట్టంతా ఊదారంగు. గాలి వీచినప్పుడల్లా పూలు రాలుతున్నాయో, ఆ వెలుగే ముక్కలై రాలుతోందో తెలిసేది కాదు. భోజనం చేసి, డబ్బాలో పెరుగన్నం ఖాళీ చేసి, నేను ఆ గదిలో కుర్చీలో కూర్చునేదాన్ని. ఒళ్ళో మెత్తటి తువ్వాలు, తువ్వాలులో ఒక తెల్లటి ఎలుక. మొదటిరోజు దాని గుండె నా వేళ్ళ కింద కుట్టుమిషన్‌లా కొట్టుకుంది. రోజులు గడిచేకొద్దీ మిషన్ నెమ్మదించింది. నేను చెవుల వెనక నిమిరేదాన్ని. ఏదో కూనిరాగం వచ్చేది నోటికి, మాటలు గుర్తులేని జోలపాట ఒకటి. ఎలుక కళ్ళు సగం మూసుకునేది. నా కళ్ళు కూడా. గదిలో వెచ్చదనం, ఏసీ హోరు, కిటికీలో ఊదారంగు, అన్నీ కలిసిపోయి, నేను సిడ్నీలో ఉన్నానో గోదావరి కాలవ మీద పడవలో పోతున్నానో తెలియని స్థితి వచ్చేది. ఎవరో తలుపు వేసిన చప్పుడుకి ఇద్దరం ఉలిక్కిపడేవాళ్ళం. ఆ ఎలుకను తీసుకెళ్ళి పెట్టెలో పెట్టి, ఇంకోదాన్ని తెచ్చుకునేదాన్ని.

ఆ తర్వాత పనంతా కంప్యూటర్‌దే. పెట్టె పైన కెమెరా ఉంటుంది. ఎలుక ఎంతసేపు కదలకుండా ఉందో కంప్యూటర్ లెక్కపెట్టి, అంతసేపూ భయపడిందని రాస్తుంది. వీడియోలు మనిషి కూడా చూడాలి, అది నియమం. నేను చూడలేదని ఎవరూ అనలేరు. రోజూ సాయంత్రం వీడియో పెట్టుకుని శ్రద్ధగా కూర్చునేదాన్ని. బూడిదరంగు పెట్టె, అందులో బంగాళాదుంపలాంటి తెల్లటి ముద్ద, ఎంతసేపటికీ కదలదు. ఏ పుణ్యాత్ముడు మేలుకుని చూడగలడు దాన్ని? కళ్ళు తెరిచేసరికి వీడియో అయిపోయి ఉండేది.

చివరికి లెక్కలు తీశాను. మామూలుగా వదిలేసిన ఎలుకలకు రోజురోజుకీ భయం తగ్గింది. నేను లాలించిన ఎలుకలకు రోజురోజుకీ పెరిగింది. కూత రాకముందే బిగుసుకుపోతున్నాయి, కూత వచ్చినా అలాగే ఉన్నాయి, ఆగాక కూడా అలాగే ఉన్నాయి. చివరిరోజు దాదాపు మొత్తం సమయం భయమే. ప్రపంచంలో ఏ ఎలుకా అంత భయపడి ఉండదు.

తెలివున్నవాళ్ళయితే ఎక్కడో తప్పు జరిగిందని వెతుకుతారు. నేను సిద్ధాంతం కనిపెట్టాను. లాలన ప్రాణిని పిరికిదాన్ని చేస్తుంది. ఒళ్ళో ఉన్న సుఖం తెలిశాక ఒంటరి పెట్టె మరీ భయంకరంగా తోస్తుంది. ఎంత ప్రేమిస్తే అంత భయం. అప్పుడు నా జీవితం మొత్తం అర్థమైపోయింది. నేను ప్రొఫెసర్‌ని పేరుపెట్టి పిలవలేకపోవడానికి కారణం, పదేళ్ళొచ్చేదాకా నన్ను చంకదించని మా మేనత్తలే.

ఈ మాట మొదట మాధవికి చెప్పాను. మాధవి నేనుండే ఫ్లాట్‌లోనే ఉండేది, కరీంనగర్ పిల్ల, పక్కనే ఆసుపత్రిలో నర్సు. ఆ రోజు హారిస్ పార్క్‌లో ఒక హోటల్లో దోసెలు తింటున్నాం. నేను సిద్ధాంతం మొత్తం వివరించేసరికి నా దోసె చల్లారిపోయింది, మాధవి దోసె అయిపోయింది.

"ఏందే గిది," అంది మాధవి తాపీగా. "మంచిగ జూస్కుంటె గుబులెక్కువైతదా? అట్లయితె మా వార్డుల పేషెంట్లందరు నన్ను జూసి పారిపోవాలె."

పేషెంట్లు వేరు, ఇది కంట్రోల్డ్ ఎక్స్‌పెరిమెంట్ అన్నాను. కంట్రోల్డ్ అనే మాటకు ఎవరైనా తగ్గుతారు. మాధవి తగ్గి, నా దోసె వైపు చెయ్యి చాపింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మర్నాడే మా అక్క ఫోన్ చేసింది. అక్కా బావగారూ మెల్‌బోర్న్‌లో క్రాన్‌బర్న్‌లో ఉంటారు. ఇద్దరూ ఐటీయే. అక్క అప్పటికి మెటర్నిటీ లీవులో ఉంది. పాప అన్వి ఎత్తుకుంటేనే పడుకుంటుంది, దించితే లేస్తుంది. అక్క సరిగా నిద్రపోయి నెలలైంది. "ఏం చెయ్యాలో తోచట్లేదే. మీ సైన్సు ఏమైనా చెబుతుందా?" అని అడిగింది, ఊరికే, అలసటలో.

సైన్సు చెప్పింది. తడుముకోకుండా చెప్పింది. పాపను ఎత్తుకోవడం తగ్గించమంది. నువ్వు దాని భయాన్ని పెంచి పోషిస్తున్నావంది. కాట్‌లో, అదే కమ్మీల పిల్లమంచంలో, పడుకోబెట్టి బయటికొచ్చెయ్యమంది. నేను చిన్నప్పటినుంచీ అక్క చెప్పింది చేసిందాన్నే తప్ప, అక్క నేను చెప్పింది ఎన్నడూ చెయ్యలేదు. ఈసారి చేసింది. అంత నిద్రలేమిలో ఉంది పాపం.

తర్వాతిసారి ఫోన్‌లో వెనక ఏడుపు వినిపించింది. పిల్ల ఏడుపు అనుకున్నాను, సగం అక్కదే. కాట్‌లో పాప చేతులు చాపి ఏడుస్తోందట. బావగారు ఎత్తుకోబోతే అక్క వద్దందట. ఆ ఎలకల పిల్ల మాట విని మన పిల్లను ఏడిపిస్తావా అని ఆయన విసుక్కుని పైగదిలోకి వెళ్ళిపోయారట.

"నిజంగా నీకు తెలిసే చెబుతున్నావు కదే?" అంది అక్క.

"డేటా ఉందక్కా," అన్నాను. ఆ రెండు మాటలూ నా గొంతులో ఎంత గంభీరంగా పలికాయో ఇప్పటికీ నా చెవులకు వినబడుతూనే ఉంటుంది, ముఖ్యంగా నేను సుఖంగా ఉన్నప్పుడు.

ఆ వారమే ల్యాబ్ మీటింగ్‌లో నా ఫలితాలు చెప్పాలి. నిలబడి గ్రాఫులు చూపించాను. గీతలు చూసి అందరూ ముందుకు వంగారు. డేనియల్ అనే సీనియర్ ఒకడు ఎప్పుడూ ఎవర్నీ పొగడడు, అతనే ఇది చాలా వింతగా ఉందన్నాడు. పొగడ్తగా తీసుకున్నాను. మార్గరెట్ మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఒక వీడియో పెట్టమంది.

పెద్ద తెర మీద నా ఎలుక గోడంత అయింది. ఇది చివరిరోజుది, భయం పరాకాష్ఠ అని పరిచయం చేశాను. కూత మోగింది. ఎలుక కదల్లేదు. చూశారా అన్నాను. మళ్ళీ కూత. ఈసారి ఎలుక, పరమ భయగ్రస్తమైన నా ఎలుక, ముక్కును నెమ్మదిగా పొట్ట కిందికి దోపుకుంది. మెల్లగా, సూర్యాస్తమయంలాగా, ఒక పక్కకు ఒరిగింది. వెనక కాలు ఒకటి హాయిగా చాపింది. ఆ కాలి వేళ్ళు విచ్చుకుని చిన్నగా కదిలాయి, ఎక్కడో కలలో గడ్డి మీద నడుస్తున్నట్టు.

నాకు ఆ క్షణంలో కూడా, నిజం చెబుతున్నాను, ఎంత ముద్దుగా ఉందో అనిపించింది. ఆ తర్వాతే అర్థమైంది.

"ఇండీ," అంది మార్గరెట్ మృదువుగా, "వీడియోలన్నీ చూశావా?"

"అన్నీ మొదలుపెట్టానండి," అన్నాను.

డేనియల్ ముక్కులోంచి కాఫీ వచ్చింది. మార్గరెట్ నవ్వు ఆపుకోవడానికి కళ్ళజోడు తీసి తుడిచింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో భయం ఇంత హాయిగా ఉండడం ఎప్పుడూ చూడలేదంది. ఆ తర్వాత నవ్వు ఆగాక, ఓపిగ్గా విడమరిచి చెప్పింది. ఎలుకలకు పగలే నిద్రవేళ. నేను భోజనమయ్యాక, వెచ్చటి గదిలో, జోకొట్టి మరీ తీసుకెళ్ళి పెట్టెలో పెట్టాను. కూత వాటికి ఏమాత్రం భయం కలిగించలేదు కాబట్టే నిద్రపోయాయి. కదలకపోతే భయమే అనుకునే కంప్యూటర్ ఆ నిద్రంతా భయం కింద రాసుకుంది. అన్నిటికంటే నిబ్బరంగా ఉన్న ఎలుకలను నేను ప్రపంచంలోకెల్లా పిరికివాటిగా ప్రకటించాను.

గది ఖాళీ అయ్యాక నేను అక్కడే కూర్చుండిపోయాను. అవమానం సంగతి అలా ఉంచండి. కాట్‌లోంచి చాపిన ఆ చిన్న చేతులే కళ్ళ ముందు కదిలాయి. మార్గరెట్ పక్కన కూర్చుంది. అక్క సంగతి ఆవిడకు చెప్పేశాను. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో ఎప్పుడన్నానో తెలియదు, "ఇప్పుడేం చెయ్యాలి మార్గరెట్?" అన్నాను. పేరు నోట్లోంచి దానంతట అదే వచ్చేసింది. ఆవిడ ఏమీ గమనించనట్టే, ముందు ఇక్కడినుంచి లేచి ఫోన్ చెయ్యమంది.

బయట జకరండా కింద నిలబడి చేశాను. అక్క ఎత్తగానే ఊపిరి తీసుకోకుండా మొత్తం చెప్పాను. తప్పంతా నాదేననీ, పాపను ఎత్తుకోమనీ, ఎంతసేపు కావాలంటే అంతసేపు ఎత్తుకోమనీ, బావగారికి నా తరఫున క్షమాపణ చెప్పమనీ.

"నేను నిన్ననే ఎత్తేసుకున్నానులే," అంది అక్క. "నీ డేటా సంగతి తర్వాత చూద్దామనుకున్నా. ఇప్పుడు నా ఒళ్ళోనే ఉంది."

నా ప్రాణం లేచొచ్చింది. ఇంక తిట్లు మొదలవుతాయని కళ్ళు మూసుకున్నాను.

"ఒక్క నిమిషం," అంది అక్క. గొంతు మారింది. నెలల తరబడి నిద్రలేని మనిషికి ఎక్కడో దీపం కనిపించినట్టు మారింది. "ఎలకలు నిద్రపోయాయన్నావు. అన్నీనా?"

"అన్నీ."

"కూత పెట్టినా లేవలేదా?"

"లేవలేదు."

"మరి ఇన్నాళ్ళూ నాకు ఆ భయం గురించి చెబుతావేంటే, బుద్ధిలేనిదానా? ముందు వాటిని ఎలా పడుకోబెట్టావో చెప్పు."

ఆ తర్వాత మార్గరెట్ ఎలుకల గదిలో లైట్ల వేళలు తారుమారు చేయించింది. మన పగలు వాటికి రాత్రి అయింది. మెలకువగా ఉన్న కొత్త ఎలుకలతో ప్రయోగం మళ్ళీ మొదటినుంచీ చేశాను. లాలించినవి కాస్త ముందుగా ధైర్యం తెచ్చుకున్నాయి. కాస్తే. ఎవరి కాపురంలోనూ చిచ్చుపెట్టలేని చిన్న ఫలితం. నాకు అదే ఎంతో ముద్దొచ్చింది.

కాబట్టి చదువరులారా, మీరందరూ వింటుండగా ప్రమాణం చేస్తున్నాను. కదలకుండా ఉన్న ఏ ప్రాణి మనసులోనూ ఏముందో దాని కళ్ళు చూడకుండా చెప్పను. పెరుగన్నం తిని శాస్త్రపరిశోధన చెయ్యను. పిల్లల పెంపకం మీద ఎవరు సలహా అడిగినా, నా దగ్గర ఎంత డేటా ఉన్నా, నోరు మెదపకుండా బిగుసుకుపోతాను. అప్పుడు మీరు నన్ను చూసి, ఈ పిల్ల భయపడిందనే రాసుకోండి. ఈసారి లెక్క సరిగ్గానే ఉంటుంది.