వినోద మ్యాంగో పై

అల్వాల్‌లో వినోద మ్యాంగో పై కాల్చిందంటే, ఆ వాసనకు శామీర్‌పేట పార్కులోని జింకలన్నీ కంచె దూకి, సికింద్రాబాద్ బస్సెక్కి, ఆమె గుమ్మం ముందు దిగుతాయి. విజిల్ తీసేసిన కుక్కరులో ఉప్పు పోసి, మ్యాంగో పై గిన్నెను అందులో దించి, మూత దగ్గరే ముక్కు పెట్టుకుని కూర్చుంటుంది. జ్వరం తగ్గినప్పటి నుంచీ ప్రతి ఆదివారం ఇదే తంతు. నిన్న అలా కూర్చునే ఉంది, వంటిల్లంతా పొగ కమ్మింది. పక్కింటి బాలనర్సమ్మ ఉరికొచ్చి స్టవ్ ఆర్పింది.

"బొగ్గయిపాయె! ముక్కు ఏడ బెట్టినవే పోరీ? గీ కంపుకు వచ్చిన జింకలు గూడ ఉరుకుతయి!"

వినోద వేడి గిన్నెను కొంగుతో ఎత్తి, నల్లటి అట్టలో మొహం పెట్టి, గుండెల నిండా పీల్చింది. మళ్లీ పీల్చింది. మెల్లగా గిన్నె దించింది.

"జింకలు గింకలు ఏం లేవు, అత్తా. గా జ్వరమొచ్చినకాంచి నాకు ఏ వాసనా తెలుస్తలేదు. ఇగ తెల్వది."