సాతంరాయి వాన పక్కన ప్రశ్న గుర్తు

విమానాశ్రయం తెరిచిన సంవత్సరమే, అంటే 2008లో, నేను ఉద్యోగ విరమణ చేసి శంషాబాద్‌లో స్థిరపడ్డాను. మాది కృష్ణా జిల్లా. ఉద్యోగమంతా లెక్కల తనిఖీలో గడిచింది కనుక తేదీ లేని కాగితాన్ని, ఆధారం లేని అంకెను నమ్మే అలవాటు నాకు లేదు. తీరిక దొరికాక పెరట్లో ఒక వర్షమాపకం పెట్టుకున్నాను. అది పెద్ద యంత్రమేమీ కాదు: పైన గరాటు, లోపల సీసా, సీసాలో చేరిన నీటిని పోసి చూసుకోవడానికి మిల్లీమీటరుకొక గీత ఉన్న ఒక గ్లాసు. పొద్దున ఎనిమిదిన్నరకు కొలవాలి. క్రితం రోజు అదే వేళ నుంచి అప్పటివరకు కురిసినదంతా ఆనాటి తేదీ కింద రాయాలి. విమానాశ్రయం వాతావరణ నివేదిక ఇంటర్నెట్‌లో కనిపించేది. నా అంకెను దానితో పోల్చి చూసుకున్న తరువాతే కాఫీ తాగేవాణ్ణి.

నాలాంటి పిచ్చి ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారని ఆ తరువాత తెలిసింది. నగరం దక్షిణపు అంచున ఉండేవాళ్లం కొందరం కలిసి ఇంటర్నెట్‌లో ఒక ఫోరం పెట్టుకున్నాం. ఎవరి ఊరి వాన వారు అందులో రాయాలి. వాన లేనినాడు సున్నా రాయాలి. ఖాళీగా వదిలితే కొలవలేదని అర్థం. జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఊరికొక వరుస చొప్పున నేను పట్టిక తయారుచేసి, చివర మొత్తాలు వేసి అందరికీ పంపేవాణ్ణి. వయసులో పెద్దవాణ్ణని తగవులు తీర్చే పని కూడా నాకే అంటగట్టారు. దాన్ని మోడరేటర్ అంటారని అప్పుడే విన్నాను. మొదట్లో తగవులు చిన్నవే. ఒకాయన వర్షమాపకాన్ని జామచెట్టు కింద పెట్టి తన ఊళ్లో వానే పడదని వాదించేవాడు. ఫొటో అడిగాను, చెట్టు కనబడింది, తగవు తీరింది.

సాతంరాయి నుంచి రాసే సభ్యురాలు బెంగళూరు రోడ్డు పక్కన మొక్కల నర్సరీ నడిపేవారు. నారు కోసం వచ్చే రైతులు ఆవిడను వాన సంగతి అడిగి వెళ్లేవారు. ఏటా నేను పంపిన పట్టికను ఆవిడ అచ్చు తీయించి నర్సరీ గోడకు అంటించేవారు. బుద్వేల్ నుంచి రాసే సభ్యునిది ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణం. ఒక్కరోజు కూడా తప్పకుండా కొలిచే మనిషి. నోరు మాత్రం ఆయన అదుపులో ఉండేది కాదు.

2011 వానాకాలంలో సాతంరాయి వరుస మొదటి నుంచీ అందరికంటే ముందుంది. అందరూ అభినందించారు. "చిరపుంజి అక్కా" అని బుద్వేల్ ఆయనే ముద్దుపేరు పెట్టాడు. ఆగస్టులో ఒక ఉదయం ఆవిడ ఎనభై నాలుగు మిల్లీమీటర్లు అని రాశారు. ఆ ఉదయం నా గ్లాసులో రెండు గీతల నీళ్లున్నాయి. బుద్వేల్‌లో మూడు. విమానాశ్రయం నివేదికలో వాన లేనే లేదు.

బుద్వేల్ ఆయన వెంటనే అందుకున్నాడు. ముందు "లెక్క ఏడనో తప్పింది" అన్నాడు. "అక్కా, మొక్కలకు పట్టిన పైపు జర పక్కకు తిరిగిందా ఏంది?" అని రాశాడు. దాని కింద ఇంకెవరో బకెట్ బొమ్మ పెట్టారు. మధ్యాహ్నానికి బొమ్మలు పెరిగాయి. "మొగులు కూడ అక్కను అడిగే కురుస్తదేమో" అని ఒకరు, "ఇగ మా ఊరికి గూడ రెండు బకెట్లు పంపు" అని ఒకరు రాశారు. బొమ్మలు తీసేశాను. అంకె సంగతి అట్లా తీసేసేది కాదు. చుట్టుపక్కల ఏ అంకెతోనూ పొసగని అంకె వస్తే దాని పక్కన ప్రశ్న గుర్తు పెట్టాలన్నది మేమందరం ఒప్పుకున్న నియమం. ప్రశ్న గుర్తు సెప్టెంబరు చివరి వరకు తొలగకపోతే ఆ వరుసకు మొత్తం వేయరు. అక్కడ ఒక గీత మాత్రం ఉంటుంది. నియమం ప్రకారం గుర్తు పెట్టాను.

సాయంత్రం ఆవిడ ఫోను చేశారు.

"నా లెక్క పక్కన ప్రశ్న గుర్తు పెట్టిన్రేంది సార్?"

"పరిశీలించే వరకేనమ్మా. నియమం అందరికీ ఒకటే."

"మీ నియమం మీకెరుక. గోడ మీద చూసెటోళ్లకు ఎరుకనా? అక్క వాన కూడ అబద్ధమేనట అంటరు. ఆ వరుసల గీత పెడితె, ఇగ నన్ను అడిగి నారు పోసెటోడు ఒక్కడుంటడా? పైపు పట్టిన్నంటున్నడు సార్ ఆయన. నేను పట్టలే."

"నేను వచ్చి చూస్తాను."

"రాండ్రి. ఇప్పుడే రాండ్రి."

మరునాడు ఉదయం నా కొలత గ్లాసును తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టుకుని సాతంరాయి బస్సెక్కాను. అనుమానం ఎటు తేలినా అంకెతోనే తేలాలని నా పట్టుదల. ఎనభై నాలుగు వచ్చిన రోజు విమానాశ్రయం నివేదికను ముందే మళ్లీ చదివి పెట్టుకున్నాను. వాన లేదన్న మాట నిజమే కాని, ఉత్తర దిక్కున ఉరుముల మేఘం ఉన్నట్టు అందులోనే ఉంది. విమానాశ్రయానికి సాతంరాయి ఉత్తరంగానే ఉంటుంది. ఒక మేఘం ఒక ఊరి మీద కురిసి పక్క ఊరిని వదిలేయడం వింత కాదు. అయినా ఎనభై నాలుగు నాకు మింగుడుపడలేదు.

నర్సరీలో వర్షమాపకం సరైన చోటనే ఉంది. చుట్టూ ఖాళీ నేల. గరాటు అంచు మట్టంగా ఉంది. నీళ్ల పైపును చివరిదాకా లాగించి చూశాను. అక్కడికి అందదు. ఆవిడ అత్తగారు షెడ్డులో కూర్చుని నల్ల కవర్లలో మట్టి నింపుతూ మమ్మల్ని గమనిస్తున్నారు.

"నీళ్లు కొలవనీకి గింత పెద్దమనిషి శంషాబాద్ కెల్లి వచ్చిండా?" అన్నారు.

"ఊకో అత్తమ్మా."

"ఊకోక ఏం జేస్త. కొలువుండ్రి, కొలువుండ్రి. కొలిస్తె బాయిల నీళ్లు పెరుగుతయేమో."

ఆవిడ కొలత గ్లాసు తెప్పించి చూశాను. కొత్తది, గీతలు స్పష్టంగా ఉన్నాయి. పాతది మే నెలలో పగిలిపోతే కోఠీలో ప్రయోగశాల సామాన్లమ్మే ఒక దుకాణంలో కొన్నానని చెప్పారు. ఎత్తు కొంచెం వేరుగా అనిపించి, నా గ్లాసులో పది గీతల వరకు నీళ్లు పోసి, ఆ నీటినే ఆవిడ గ్లాసులోకి వంచాను. నీళ్లు ఇరవై దగ్గర నిలిచాయి.

ఆవిడ వంగి చూశారు. తన చేత్తో మరోసారి వంచి చూశారు. మళ్లీ ఇరవయ్యే.

వర్షమాపకాల గరాట్లు రెండు రకాలు: ఒకటి చిన్నది, మరొకటి దానికి రెట్టింపు వైశాల్యం గలది. ఏ గరాటుకు ఆ గ్లాసు. మా ఫోరంలో అందరివీ పెద్ద గరాట్లే. ఆవిడకు దొరికినది చిన్న గరాటు గ్లాసు. పెద్ద గరాటులో పడ్డ మిల్లీమీటరు వానను ఆ గ్లాసు రెండుగా చూపిస్తుంది. దానిలో మోసం లేదు, అజాగ్రత్త కూడా లేదు. ప్రతి ఉదయమూ ఆవిడ సరిగ్గానే కొలిచారు. జూన్ నుంచి ప్రతి అంకె రెట్టింపయింది, అంతే. ఎనభై నాలుగు నిజానికి నలభై రెండు. నలభై రెండయినా, ఆనాటి లెక్కలో మా అందరిలో సాతంరాయిలోనే గట్టి వాన పడింది.

ఆ మాట చెబితే ఆవిడ సంతోషించలేదు. "అంటే మొదటి కెల్లి అన్నీ తప్పేనా సార్? మీరందరు శెభాష్ అన్నయి గూడ?"

"అన్నీ సగం చేయాలమ్మా."

షెడ్డులోంచి అత్తగారు అన్నారు: "పట్టీ నీ తానే ఉన్నది గద సారూ. ఇంటికి పోయి నువ్వే దిద్దురాదు. ఎవలికెరుక?"

దిద్దడం పది నిమిషాల పని. ఎవరూ గుర్తుపట్టరన్నదీ నిజమే. కాని దిద్దిన అంకె పక్కన, ఎందుకు దిద్దామో రాయకుండా నేనెన్నడూ దిద్దలేదు. అదే చెప్పాను. కారణం తప్పక రాయాలి; నేను రాసినా సరే, ఆవిడ రాసినా సరే.

"రాస్తె, బకెట్ అన్నోళ్లదే నిజమయితది గద?"

"బకెట్ అంటే అబద్ధం. గ్లాసు అంటే పొరపాటు. చదివేవాళ్లు ఆ తేడా చూస్తారో చూడరో నేను హామీ ఇవ్వలేను."

ఆవిడ చాలాసేపు ఆ గ్లాసును తిప్పుతూ నిలబడ్డారు. తరువాత దాన్ని కడిగి, బోర్లించి, "మీరు రాస్తె మీరు కాపాడిన్రంటరు. నేనే రాస్త" అన్నారు.

ఆ సాయంత్రమే రాశారు. నాలుగు వాక్యాలు: కొత్త గ్లాసు చిన్న గరాటుది, జూన్ నుంచి నా లెక్కలన్నీ సగం చేయండి, ఆగస్టు వానను కూడా సగం చేయండి, రేపు సరైన గ్లాసు తెస్తున్నాను. క్షమాపణ లేదు, ఫిర్యాదు లేదు. నేను ఉద్యోగంలో చదివిన సంజాయిషీల్లో ఇంత శుభ్రమైనది తక్కువ. ప్రశ్న గుర్తు తొలగించి, వరుసంతా దిద్ది, కింద ఆవిడ మాటలనే కారణంగా చేర్చాను.

కొందరు మెచ్చుకున్నారు. బుద్వేల్ ఆయన మాత్రం ఆగలేదు. "సగం వాన దేవునిది, సగం గ్లాసుది" అని రాశాడు. దాని వెంటనే, "నర్సరీల గులాబీలు గూడ సగం ధరకిస్తవా అక్కా?" అన్నాడు. రెండు రోజులకు ఆవిడ సరైన గ్లాసుతో కొలిచి సున్నా రాస్తే, "సున్నాను గూడ సగం చేసినవా?" అన్నాడు. రెండు సార్లు వద్దని చెప్పాను. మూడోసారి ఆయనను వారం పాటు ఫోరం బయట ఉంచాను. ఆయన రాసినవన్నీ తీసేయలేదు. లెక్క గురించి, గ్లాసు గురించి రాసినవి ఉంచి, మనిషి మీద రాసినవి మాత్రమే తీసేశాను.

ఫోను రానే వచ్చింది.

"గింతదానికే బయట పెడ్తరా సార్? నేనన్నది అబద్ధమా? లెక్క తప్పా కాదా?"

"లెక్క తప్పేనండి. మీరు ముందే అనుమానించారు. ఆ మాట ఉంచాను, చూసుకోండి."

"మరి?"

"పైపు పట్టారన్నారు. అది తప్పు."

"అరే, మజాక్ చేసిన సార్! మజాక్ చెయ్యొద్దా మనిషి?"

"ఆవిడ నవ్వారా?"

"వారం అంటే మా వరుసల ఖాళీ పడతది" అన్నాడు వేరే గొంతుతో.

"నియమం అంతే" అన్నాను.

మర్నాడు ఎనిమిదిన్నర దాటగానే నా ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. "బుద్వేల్. 6." ఇంకో మాట లేదు. ఆలోచించాను. ఫోరంలో రాయకూడదన్నది శిక్ష, కొలవకూడదని కాదు. అంకెను పట్టికలో వేశాను. మరుసటి పొద్దునా వచ్చింది. ఆ పై రోజు వాన లేదు. "బుద్వేల్. 0."

ఆ వారంలోనే సాతంరాయి నుంచి మళ్లీ ఫోను. "ఆయన్ని బయట పెట్టిన్నంటిరి. బుద్వేల్ వరుస ఎట్ల నిండుతున్నది సార్?"

"మెసేజ్ పంపుతున్నారమ్మా, రోజూ."

"వాన లేనినాడు గూడనా?"

"సున్నా కూడా పంపుతున్నారు."

ఆవిడ గట్టిగా నవ్వారు. ఈ తగవు మొదలైన తరువాత ఆ నవ్వు వినడం అదే మొదలు. "పిచ్చోడే" అన్నారు. "మన లెక్కనే ఉన్నడు."

వారం గడిచాక ఆయన తిరిగి వచ్చాడు. కొన్ని రోజులు అంకె తప్ప ఏమీ రాయలేదు. సెప్టెంబరులో ఒక సాయంత్రం దక్షిణం నుంచి గాలీ వానా వచ్చాయి. మా మీదుగా, సాతంరాయి మీదుగా బుద్వేల్ వైపు వెళ్లాయి. మర్నాడు సాతంరాయి ముప్పై ఒకటి, బుద్వేల్ ఇరవై ఎనిమిది. ఆవిడ అంకె కింద బుద్వేల్ ఆయన రాసింది చూసి, అలవాటుకొద్దీ తీసేయడానికి సిద్ధపడి చదివాను.

"మీ తాన ఎన్నిటికి షురూ అయింది అక్కా?"

"అయిదు గొట్టినంక. మీ దిక్కే ఉరికింది, చూడలేదా?"

"చూసిన. దుకాణం ముంగట బ్యాటరీలు లోపల పెట్టెటాళ్లకే పట్టుకున్నది. గాలి ముందొచ్చిందా, వాన ముందా?"

"గాలే. నా షేడ్ నెట్ లేపుకపోయింది."

"అయ్యో. జాగ్రత్త అక్కా."

తీసేయవలసినది ఏదీ లేదు. ఫోరం మూసి, నా అంకె రాసుకున్నాను.

సెప్టెంబరు ముగిశాక పట్టిక పూర్తిచేశాను. సాతంరాయి వరుసకు మొత్తం పడింది; మొత్తాల్లో అది మూడోది. కింద గ్లాసు సంగతి చిన్న అక్షరాల్లో ఉంది, అలాంటి వివరణలు అన్నీ ఉండేటట్టే. పంపే ముందు ఆవిడకు చూపించాను.

"లెక్క సరిగున్నది సార్. కింద రాసింది మాత్రం గింత సన్నగ రాస్తె ఎట్ల?"

"వివరణలు అలాగే రాస్తామమ్మా."

"నాది పెద్దగ రాయుండ్రి. మా తానికొచ్చెటోళ్లు పెద్దోళ్లు, అద్దాలుండవు. గోడ ముంగట నిలబడి చదువుకోవాలె గద."

అంకెలు ఎంత పెద్దగా ఉన్నాయో, ఆ నాలుగు వాక్యాలనూ అంత పెద్దగా చేసి పంపాను.